కోతి చేయి తీసేశాం, గడియ ఉంచేశాం: ఒక హారర్ షార్ట్ ఫిల్మ్ కేస్ స్టడీ

పాత హారర్ కథని తెర మీదకి తెచ్చేటప్పుడు మూలానికి ఎంతవరకు కట్టుబడి ఉండాలి అని ఎవరైనా అడిగితే ఇదివరకు నా దగ్గర సమాధానం రెడీగా ఉండేది, "ఆత్మ ఉంచి ఒళ్లు మార్చాలి" అని. వినడానికి బాగుంటుంది, నేరేషన్‌లో ఈ మాట అంటే నిర్మాతలు తలూపుతారు కూడా. కానీ రాయడానికి కూర్చున్నాక అది దేనికీ పనికిరాదు, ఎందుకంటే కథలో ఏది ఆత్మో ఏది ఒళ్లో ఎవరూ గీత గీసి ఇవ్వరు. ఆ గీత ఎక్కడుందో వెతుక్కోవడానికి మాకు నాలుగు వెర్షన్లు, మూడు రాత్రుల షూటింగ్, ఎడిట్ సూట్‌లో ఒక పెద్ద గొడవ పట్టాయి. ఇరవై రెండు నిమిషాల సినిమాకి ఇంత అవసరమా అంటే, అవసరమే అయింది మరి.

కథ డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ రాసిన "ది మంకీస్ పా", 1902 నాటిది. జేకబ్స్ 1943లో పోయారు, మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకే కాపీరైట్ కాబట్టి హక్కుల బెడద లేదు. చిన్న బడ్జెట్ వాళ్లకి మొదటి ఆకర్షణ అదే, సాహిత్యాభిమానం రెండోది, అబద్ధం ఎందుకు.

చదవని వాళ్ల కోసం క్లుప్తంగా. ఇంగ్లండ్‌లో వైట్ అనే ఒక మామూలు కుటుంబం, తండ్రి, తల్లి, ఎదిగిన కొడుకు హెర్బర్ట్. చలిగా, వానగా ఉన్న ఒక రాత్రి, ఇండియాలో 21 ఏళ్లు పట్టాళంలో పనిచేసి వచ్చిన స్నేహితుడు, ఒక సార్జెంట్ మేజర్, ఇంటికొస్తాడు. ఆయన జేబులో ఎండిపోయిన కోతి చేయి ఉంటుంది. ఎవరో ఫకీరు దానికి మంత్రం వేశాడట, ముగ్గురు మనుషులు తలా మూడు కోరికలు కోరుకోవచ్చట. ముందు వాడిన మనిషి మూడో కోరికగా చావుని కోరుకున్నాడు అని ఆయన చెప్పి దాన్ని నిప్పుల్లో పారేస్తే తండ్రి గబుక్కున తీసుకుంటాడు. ఇంటి బాకీ తీరడానికి 200 పౌండ్లు కోరుకుంటాడు. మర్నాడు కొడుకు ఫ్యాక్టరీ యంత్రంలో పడి పోయాడని కంపెనీ మనిషి వచ్చి చెప్పి, మా బాధ్యత ఏమీ లేదు గానీ అతని సేవలని దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాం అంటూ సరిగ్గా 200 పౌండ్లు ఇస్తాడు. పూడ్చిపెట్టిన కొన్నాళ్లకి తల్లి పట్టుబట్టి కొడుకు బతికి రావాలని రెండో కోరిక కోరిస్తుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడు. ఆమె పైగడియ అందక కుర్చీ ఎక్కి లాగుతుంటే, తండ్రి చీకట్లో నేల తడుముతూ ఆ చేయి వెతుక్కుని మూడో కోరిక కోరేస్తాడు. చప్పుడు ఆగిపోతుంది. తలుపు తెరిస్తే ఖాళీ రోడ్డు, వీధి దీపం.

అంతే. తలుపు అవతల ఏముందో జేకబ్స్ చెప్పలేదు. మూడో కోరిక ఏమిటో కూడా మాటల్లో చెప్పలేదు.

మాకు వచ్చిన పని దీన్ని తెలుగులో, తెలుగు వాళ్ల ఇంట్లో జరిగేలా తీయడం. డైరెక్టర్ కుర్రాడు, విజయనగరం వైపు వాడు, వాళ్ల తాత జూట్ మిల్లులో చేశాడు. కాబట్టి ఊరు, మిల్లు మొదటి రోజే తేలిపోయాయి. 1974 అనుకున్నాం. పీరియడ్ సినిమా అంటే ఖర్చు అనుకుంటారు గానీ ఒకే ఇల్లు, రాత్రిపూట, కిరసనాయిలు దీపం, ఒక రేడియో అంటే ఈ రోజుల కథ కంటే చవక. సెల్‌ఫోన్ ఎందుకు చేయలేదు అని ఎవరూ అడగరు, అదొక లాభం.

మొదటి వెర్షన్ నేను వస్తువుకి వస్తువు పెట్టుకుంటూ పోయాను. చదరంగం బదులు పులిజూదం (కథ మొదట్లో తండ్రి తెలివితక్కువ ఎత్తులు వేసి తన రాజుని తనే ఇరకాటంలో పెట్టుకుంటాడు, ఆ మనిషి స్వభావం అక్కడే తెలిసిపోతుంది, దాన్ని వదలబుద్ధి కాలేదు). చలిమంట బదులు కుంపటి. సార్జెంట్ మేజర్ బదులు రిటైరైన హవల్దారు. కోతి చేయి బదులు కోతి చేయి.

ఆ కోతి చేయి దగ్గర మొత్తం కూలిపోయింది.

చదివి వినిపించాం. తల్లి పాత్ర వేయాల్సిన నటి, శ్రీకాకుళం నాటకాల్లో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నావిడ, కోతి చేయి జేబులోంచి తీసే సీన్ దగ్గర ఆపి "ఆంజనేయస్వామి చెయ్యి కోసుకొచ్చి జేబులో ఎట్టుకున్నోడిని ఆ ఇంట్లో కూర్చోబెట్టి బువ్వెట్టేస్తారా?" అంది. అందరం నవ్వాం గానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మన ఊళ్లలో కోతి కరెంటు తీగ తగిలి చస్తే పసుపు కుంకుమలు పెట్టి, డప్పులతో ఊరేగించి పూడుస్తారు. కొన్ని చోట్ల గుడి కూడా కడతారు. ఇంగ్లీషు పాఠకుడికి కోతి చేయి అంటే దూరదేశపు వింత, కాస్త అసహ్యం, కాస్త భయం. మనకది పాపం. భయం పుట్టాల్సిన చోట భక్తీ అపచారమూ వచ్చి కూర్చుంటాయి, ప్రేక్షకుడు కథ వదిలేసి ఆ జంతువు గురించి ఆలోచిస్తాడు.

ఫకీరు సంగతీ అంతే. జేకబ్స్ పాఠకులకి ఇండియా అంటే సముద్రాల అవతల ఎక్కడో ఉన్న చోటు, అక్కడినుంచి వచ్చిన వస్తువు ఏమైనా చేయగలదు. ఆ ఇండియాలో కూర్చుని మనం ఫకీరు మంత్రం వేశాడు అంటే వీధి చివర తాయెత్తు కట్టించుకొచ్చినట్టు ఉంటుంది, ఎవడికి వణుకు పుడుతుంది? అక్షరం మార్చకుండా ఉంచినందుకే అది మూలానికి దూరమైపోయింది. ఈ ముక్క అర్థం కావడానికి నాకు నెల పట్టింది. చేయి కాదు కావలసింది, అది వచ్చిన దూరం.

మన ఉత్తరాంధ్ర వాళ్లకి అలాంటి దూరం ఏది అని వెతికితే డైరెక్టరే చెప్పాడు, "రంగం అన్నా". రంగూన్‌ని ఆ వైపు పాతవాళ్లు రంగం అంటారు. ఒకప్పుడు విశాఖ, శ్రీకాకుళం తీరం నుంచి ఓడలెక్కి వేలమంది కూలికి అక్కడికి వెళ్లారు. 1941 చివర్లో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో ఎంతోమంది అడవుల్లోంచి నడుచుకుంటూ తిరిగొచ్చారు, దారిలో పోయినవాళ్లకి లెక్కలేదు. మా హవల్దారు పోయి రంగం నుంచి నడిచొచ్చిన ముసలాయన వచ్చాడు. ఆయన నడుముకి కట్టుకున్న ఎర్రగుడ్డ మూటలో ఏదో ఎండిన చేయి. దేనిదో ఆయన చెప్పడు, మేమూ చూపించలేదు, గుడ్డలోంచి ఒక్క వేలు కనబడుతుంది, గోరు ఉంది. "ముందున్నోడు మూడోసారి ఏటడిగినాడో తెలుసా? సావు." ఈ డైలాగ్ మాత్రం జేకబ్స్‌దే, ఎక్కడా వంచలేదు.

సార్జెంట్ మేజర్ కబుర్లు మాత్రం కథలో చదువుతుంటే బాగున్నా తెర మీద పట్టపగలు నిద్రపట్టిస్తాయి. మూడు పేజీల సీన్‌ని పదకొండు డైలాగులకి దించాం.

ఇక రెండో చిక్కు. ఇది నిజంగా నాకు చెమటలు పట్టించింది. హెర్బర్ట్‌ని పూడ్చారు, మన హిందూ కుటుంబంలో కొడుకు పోతే దహనం చేస్తారు. చితి మీద కాలిపోయిన మనిషి తిరిగి నడిచొచ్చి తలుపు ఎలా కొడతాడు? నిర్మాత చాలా ఉత్సాహంగా బూడిద లేచి మనిషి ఆకారంలో వస్తే గ్రాఫిక్స్ అదిరిపోతాయన్నాడు. అప్పటికప్పుడు ఏమీ అనలేదు నేను. ఇంకొకరు కుటుంబాన్ని క్రైస్తవులుగా పెట్టేయమన్నారు, బైబిల్లో చనిపోయిన లాజరు సమాధిలోంచి లేచిన సంగతి తల్లికి తెలుసు కాబట్టి నమ్మకం సులువు అని. అది మంచి ఆలోచనే, కొన్ని రోజులు దాని మీదే రాశాను, కానీ ఆ దారిలో వెళ్తే కథ ఇంకో కథ అవుతోంది, దేవుడికీ తాంత్రికానికీ మధ్య తగువు అవుతోంది. జేకబ్స్ కథలో దేవుడు ఆ గొడవలోకి రాడు.

పరిష్కారం ఇంట్లోనే ఉంది. పెళ్లికాకుండా పోయిన పిల్లల్ని కాల్చకుండా పూడ్చే ఆచారం మనలో చాలా కులాల్లో ఉంది. హెర్బర్ట్ పెళ్లికానివాడే కదా! ఆ ఒక్క ఆచారంతో చిక్కు విడిపోవడమే కాదు, మూలంలో లేని ఒక డైలాగ్ కూడా పుట్టింది. అర్ధరాత్రి తల్లి లేచి కూర్చుని అంటుంది: "పెళ్లి కానోడని మట్టిలోనే ఎట్టినాం గదా. కాల్చనేదు గదా. ఒళ్లు ఉంది గదా." ఆ మాట రాసిన రాత్రి నేను లైట్ వేసుకునే పడుకున్నాను. మార్చడం వల్ల మూలానికి దగ్గరయ్యాం అని నాకు మొదటిసారి అనిపించింది అక్కడే.

మూడో సంగతి డబ్బు. నా లెక్కలో ఈ కథలో అసలు భయం ఇదే, దెయ్యం తర్వాత. కంపెనీ మనిషి అన్నమాటలు, బాధ్యత ఒప్పుకోం గానీ ఇంత ఇస్తాం అన్నవి, తెలుగులో ఎలా చెప్పాలా అని తంటాలు పడక్కర్లేదు, రోజూ పేపర్లో చదివే మాటే, ఎక్స్‌గ్రేషియా. తండ్రి తాకట్టు ఇల్లు విడిపించుకోవడానికి నాలుగు వేలు కోరుకున్నాడు, మిల్లు ఎక్స్‌గ్రేషియా నాలుగు వేలు. ఇది చదివి వినిపిస్తే సెట్‌లో టీ ఇచ్చే కుర్రాడు కూడా తలెత్తి చూశాడు.

కానీ ఒకాయన (ఆయన పాత యూనియన్ మనిషి, లొకేషన్ ఇప్పించింది ఆయనే) అడ్డుపడ్డాడు. 1923 నుంచి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం ఉండగా యంత్రంలో పడి చచ్చిపోతే మిల్లు బాధ్యత లేదని ఎలా అంటుంది, పైగా చట్టం ప్రకారం అయితే జీతాన్ని బట్టి లెక్క కడతారు, గుండుగుత్తగా నాలుగు వేలు ఎందుకొస్తుంది అని. సరైన ప్రశ్న. అందుకే కొడుకుని బద్లీ కూలీని చేశాం, ఆ రోజు ఎవరి బదులో షిఫ్టుకెళ్లాడు, మిల్లు హాజరు పట్టీలో పేరు లేదు. అప్పుడు మిల్లు తప్పించుకోవచ్చు, దయతలచి ఇస్తున్నట్టు ఇవ్వచ్చు, ఆ దయ ఎంతన్నది వాళ్ల ఇష్టం. చట్టం దగ్గర ఆగి ఆలోచించడం వల్ల ఆ సీన్‌కి మూలంలో కంటే కాస్త ఎక్కువ కోపం వచ్చింది, నాకు అభ్యంతరం లేదు.

అయితే ఇదే సీన్‌లో నేను ఒక పెద్ద తప్పు చేశాను. రెండో వెర్షన్‌లో ఆ కంపెనీ మనిషిని విలన్ చేశాను, తెల్లచొక్కా, పాన్, కారు. అలవాటు కదా మనకి. మళ్లీ మూలం తెరిచి చూస్తే ఆ మనిషి గేటు దగ్గర మూడుసార్లు ఆగి ఆగి, నాలుగోసారికి ధైర్యం చేసి లోపలికొస్తాడు. లోపలికొచ్చాక చెప్పలేక ప్యాంటు మీద దూదిపోగు ఏరుకుంటాడు. తల్లి "దెబ్బ తగిలిందా" అంటే, బాగా తగిలింది గానీ ఇప్పుడు నొప్పేమీ లేదు అంటాడు. ఆవిడ దేవుడికి దండం పెట్టబోయి, సగంలో ఆ మాటకి అర్థం తెలిసి ఆగిపోతుంది.

దీన్ని మార్చడమంటే వెలిగే దీపాన్ని ఆర్పి టార్చి వేయడం. మా మనిషి మిల్లు టైమ్ ఆఫీసులో గుమాస్తా, వీళ్లకి తెలిసినవాడే. వాకిట్లో చెప్పులు విప్పి, మళ్లీ వేసుకుని, మళ్లీ విప్పుతాడు. ప్యాంటు మీద జనపనార పీచు ఏరుకుంటాడు. "ఇప్పుడు నొప్పేం లేదమ్మా" అంటాడు. నటి "హమ్మయ్య" అని చెంగుతో మొహం తుడుచుకోబోయి, చెంగు మొహం మీదే ఉంచేసింది. తియ్యలేదు. స్క్రిప్టులో లేదు అది. డైరెక్టర్ కట్ చెప్పడం మర్చిపోయాడు, సౌండ్ అబ్బాయి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాడు, మళ్లీ తిట్టు తిన్నాడు.

ఇక తలుపు. నాలుగు వెర్షన్లలోనూ గొడవ దీని గురించే. నిర్మాత మొదటి రోజు నుంచీ ఒకే మాట, "ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చివర్లో ఏమీ చూపించకపోతే జనం తిడతారు". ఆయన మూర్ఖుడేం కాదు, థియేటర్ల వ్యాపారంలో జుట్టు నెరిసినవాడు. ఆయన వాదనకి చరిత్రలో బలం కూడా ఉంది. డ్రాక్యులాని చూడండి. ఎండ తగిలితే వాంపైర్ చచ్చిపోతాడు అన్నది ప్రపంచమంతా నమ్మే నియమం, కానీ బ్రామ్ స్టోకర్ రాసిన 1897 నవలలో అలా లేదు, అక్కడ డ్రాక్యులా పగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు, చివర్లో కత్తులకి పోతాడు. ఎండతో చంపింది 1922లో వచ్చిన మూకీ సినిమా "నోస్ఫెరాటు". హక్కులు కొనకుండా తీసినందుకు రచయిత భార్య కోర్టుకెళ్తే ప్రింట్లు తగలబెట్టమని తీర్పు కూడా వచ్చింది, అయినా మూలంలో లేని ఆ ముక్కే మూలం కంటే గట్టిగా నిలబడింది. అటు 1992 సినిమా చూడండి, టైటిల్‌లోనే రచయిత పేరు పెట్టుకుని, నవలలో లేని ప్రేమకథని నడిమధ్యలో పెట్టింది. కాబట్టి మూలాన్ని మార్చడం పాపం అని నేను ఆయనతో వాదించలేను, వాదించలేదు కూడా.

నేను ఆయనకి చూపించింది వేరే సినిమా, 1961లో జాక్ క్లేటన్ తీసిన "ది ఇన్నోసెంట్స్". హెన్రీ జేమ్స్ 1898 నాటి కథ "ది టర్న్ ఆఫ్ ది స్క్రూ" దానికి ఆధారం. అందులో పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన గవర్నెస్‌కి దెయ్యాలు కనిపిస్తాయి, నిజంగా ఉన్నాయా ఆమె భ్రమా అన్నది కథ ఎక్కడా తేల్చదు. కాగితం మీద అలా తేల్చకుండా ఉండటం తేలిక, ఎందుకంటే మనం ఆమె మాటలే చదువుతున్నాం. కెమెరా వచ్చిందంటే చిక్కు, కెమెరా చూపించిందంటే ఉన్నట్టే. క్లేటన్ ఏం చేశాడంటే, దెయ్యాలని దాచలేదు, చూపించాడు, కానీ చాలా చోట్ల ముందు ఆమె మొహం, ఆ తర్వాతే దెయ్యం. ఆమె చూసినందుకు మనం చూస్తున్నాం. క్రమం తిరగేస్తే, ముందు దెయ్యం తర్వాత ఆమె మొహం వస్తే, కథ చచ్చిపోయేది. తరగతి గదిలో ఏడుస్తున్న ఆకారం మాయమయ్యాక పలక మీద ఒక కన్నీటి చుక్క మిగులుతుంది, దాన్ని ఆమె వేలితో తాకుతుంది. మరి దెయ్యం ఉన్నట్టా లేనట్టా? ఆ చుక్క దగ్గర నేను పాజ్ చేసి నిర్మాత మొహం చూశాను. ఆయన "సరే, మీ కథలో ఆ చుక్క ఏది" అన్నాడు. మంచి ప్రశ్నే వేశాడు, దానికి జవాబు వెతకడంలోనే మా సినిమా దొరికింది.

మూలం మళ్లీ చదివాను, ఈసారి ఒకటే చూశాను, ఎవరికి ఏం తెలుసు అని. కొడుకు శవాన్ని తండ్రి చూశాడు. బట్టల్ని బట్టి గుర్తుపట్టానని తనే చెప్తాడు. తల్లి చూడలేదు. కాబట్టి తలుపు అవతల ఏం నిలబడి ఉంటుందో తండ్రికి తెలుసు, తల్లికి తెలిసింది కొడుకు మాత్రమే. ఒకే తలుపు, ఇద్దరికి రెండు రకాల కొడుకులు. పాఠకుడు తండ్రి దగ్గర ఉండి తల్లి వైపు చూస్తుంటాడు. తలుపు తెరిచి ఏదో ఒకటి చూపించామా, తండ్రికి తెలిసిందీ తల్లికి తెలిసిందీ ఒకటైపోతాయి, కథ అక్కడితో చప్పబడిపోతుంది. దెయ్యం బాగా కుదిరిందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. నేను ఇప్పుడు పట్టుకున్న గీత ఇదే: మూలం ఏ సంగతి ఎవరి దగ్గర దాచింది, ఎప్పటిదాకా దాచింది, దానికి కట్టుబడాలి. మిగతావి, కోతి, ఫకీరు, ఇంగ్లండ్, కుర్చీ, ఏం కావాలంటే అది మార్చుకోవచ్చు. స్టాన్లీ కుబ్రిక్ 1980లో "ది షైనింగ్" తీసినప్పుడు నవలలో జంతువుల ఆకారంలో కత్తిరించిన, కదిలే పొదల్ని తీసేసి చిట్టడవిలాంటి మేజ్ పెట్టాడు, రచయిత స్టీఫెన్ కింగ్‌కి ఆ సినిమా నచ్చలేదు, 1997లో ఆయనే స్క్రిప్టు రాసి టీవీ సిరీస్‌గా నవలకి దగ్గరగా తీయించుకున్నారు. రెండూ చూశాను. నాకు రాత్రిళ్లు గుర్తొచ్చేది మేజ్.

సరే, అనుకోవడం వేరు, తీయడం వేరు. మూడో రాత్రి తలుపు సీన్. ఆ ఇంటి తలుపు నిజమైన పాత మద్ది చెక్క తలుపు, కింద గొళ్లెం, పైన అడ్డగడియ. నటి పొట్టి, గడియ నిజంగానే అందదు. ముక్కాలిపీట లాక్కుంటూ వస్తుంది. కెమెరా నేల మీద తండ్రి ఎత్తులో, ఆయన చేతులు మంచం కింద తడుముతున్నాయి, కుంకుడుకాయలు, చెప్పు, పులిజూదం గవ్వలు దొరుకుతున్నాయి గానీ ఎర్రగుడ్డ దొరకట్లేదు. ఫ్రేమ్‌లో పైన ఒక మూల ఆవిడ పాదాలు, పీట మీద మునివేళ్ల మీద లేచి నిలబడినవి. అంతే కనబడేది. మిగతాదంతా చప్పుడు. గచ్చు మీద పీట ఈడ్చిన చప్పుడు లొకేషన్‌లో రికార్డయింది చాలా పేలవంగా ఉంది, ఫోలీలో (చప్పుళ్లని విడిగా చేసి రికార్డు చేసే పని) నాలుగు రకాల పీటలు మార్చి, చివరికి పీట కాళ్లకి తడిగుడ్డ చుట్టి లాగితే ఆ కీచుమనే మూలుగు వచ్చింది. తలుపు చప్పుడు ఇంకో తలనొప్పి. గట్టిగా కొడితే పోలీసులు వచ్చినట్టుంది, మెల్లగా కొడితే పక్కింటావిడ చక్కెర అడగడానికి వచ్చినట్టుంది. చేత్తో కాకుండా తడి మట్టిముద్దని గుడ్డలో కట్టి దాంతో తట్టాం. ఆ చప్పుడులో వేళ్లు లేవు. అది వినగానే నిర్మాత "ఇదేనా మీ చుక్క" అన్నాడు.

అయినా ఆయన భరోసా కోసం ఒక ఇన్సర్ట్, అంటే సీన్ మధ్యలో పెట్టే చిన్న షాట్, తీయమన్నాడు, వాడతారో లేదో తర్వాత చూద్దాం అని. తలుపు కింద సందులోంచి మట్టి అంటిన పాదం, నాలుగు సెకన్లు. తీశాం. బాగానే వచ్చింది, అదే వచ్చిన చిక్కు. మొదటి కట్‌లో పెట్టి, తెలిసినవాళ్లు ఓ ఇరవై మందికి ఒక చిన్న ప్రివ్యూ హాల్లో వేశాం. నేను వెనక వరసలో కూర్చుని తెర కాకుండా జనాన్ని చూశాను. పీట ఈడుస్తున్నప్పుడు ఎవరూ కదల్లేదు, ఒకావిడ పక్కనున్న మనిషి చొక్కా పట్టుకుంది. పాదం కనబడగానే ముందు వరసలో ఒక అబ్బాయి చిన్నగా నవ్వాడు, మిగతావాళ్లు కుర్చీల్లో వెనక్కి వాలారు. వెనక్కి వాలడం అంటే భయం దిగిపోవడం. ఓ, ఇదా, అని అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. రెండో షోకి పాదం తీసేసి వేశాం. ఎవరూ వెనక్కి వాలలేదు. నిర్మాత లైట్లు వేశాక నా దగ్గరికొచ్చి "సరే, మీ ఇష్టం" అని మాత్రమే అని టీకి వెళ్లిపోయాడు.

మూడో కోరిక మాటల్లో వినిపించాలా అన్న గొడవ దీనికంటే చిన్నది. తండ్రి పెదవులు కదులుతాయి, గాలివాన చప్పుడు. మాట వినిపించదు. ఒకతను వచ్చి "గాలికి తలుపు కొట్టుకుంది కదా, అసలు ఎవరూ రాలేదు కదా" అని అడిగాడు. జేకబ్స్ కథని అలా చదవడానికి కూడా వీలుంది, కాబట్టి నేను కాదనలేదు.

ఇంకొకటి చెప్పాలి. విజయనగరంలో వేసినప్పుడు మా నటి వాళ్లమ్మ, ఎనభై దాటినావిడ, సినిమా అయ్యాక డైరెక్టర్ చెయ్యి పట్టుకుని "ఆ ముసిలోడు ఉండబట్టలేకపోనాడు. తలుపు తియ్యనిచ్చుంటే ఏటయ్యేది బాబూ? ఎలాగున్నా కొడుకే గదా" అంది. డైరెక్టర్ నా వైపు చూశాడు, నేను ప్రొజెక్టర్ వైపు చూశాను.

ఇప్పటికీ తేలని గొడవ ఒకటుంది. మూలంలో చివర తలుపు తెరిస్తే నిర్మానుష్యమైన రోడ్డు మీద వీధి దీపం మిణుకుమంటుంది. 1974లో మా ఊరి సందులో వీధి దీపం లేదు. నేను దాని బదులు తెల్లవారుజాము షిఫ్టు సైరన్ పెట్టాను, తల్లి ఖాళీ సందులోకి చూస్తూ ఉండగా మిల్లు కూత మొదలవుతుంది, జనం టిఫిన్ క్యారియర్లతో ఆమె ముందునుంచి నడుచుకుంటూ వెళ్తారు, ఒక్కడూ ఆమె కొడుకు కాదు. నాకు అది చాలా ఇష్టం. డైరెక్టర్ మాత్రం జేకబ్స్ అక్కడ మనుషుల్ని పెట్టలేదన్నా, నువ్వు చెప్పిన గీత నువ్వే దాటావు అంటాడు. హార్డ్ డిస్క్‌లో రెండు వెర్షన్లూ ఉన్నాయి, సైరన్ ఉన్నది ఇరవై రెండు నిమిషాల పది సెకన్లు, లేనిది ఇరవై ఒకటిన్నర. పండక్కి వేసేది ఏదో ఇంకా తేల్చుకోలేదు.